రచయితయు నంతర్వాణియు

వ్రాయవలెనను కోరిక గల ప్రతిమనుష్యునకును ఏదో యొకనాడు లోపలినుండి యొక మాట వినబడును. అది పిలువకయే వచ్చును. వచ్చినప్పుడు త్రోసివేయ శక్యము గాదు. వెడలిపోయిన పిమ్మట బ్రతిమాలినను మరల రాదు. దానిని కొందఱు స్ఫురణ మందురు, కొందఱు ప్రతిభ యందురు, మఱికొందఱు దైవావేశ మందురు. పేరేదైనను అనుభవ మొక్కటియే. ఆ మాటను నమ్మవచ్చునా? నమ్మినచో నెంతవఱకు? నమ్మి వ్రాసినదానికి వ్రాసినవాడు తానే పూచీపడవలెనా, లేక పలికించినవానిమీద భారము వేసి తాను తప్పుకొనవచ్చునా? ఈ ప్రశ్నలను గూర్చి చదువరులతో గలసి కొంత విచారింప దలచితిమి.

ఇది యాలంకారికుల చర్చయే కాని ధర్మవిచారము కాదని కొంద ఱనవచ్చును. మాకట్లు తోపదు. పద్యమైనను కథయైనను స్వీయచరిత్రమైనను, వ్రాసి ప్రకటించిన ప్రతివాక్యమును చదువరితో "ఇది నాకు నిజముగా దోచినది" యని చెప్పకయే చెప్పుచున్నది. న్యాయస్థానములో సాక్షి ప్రమాణము చేసి చెప్పును. రచయిత ప్రమాణము చేయకయే చెప్పును. అంతమాత్రమున రచయితమాటకు విలువ తక్కువ యని యెవ్వరు ననరు. సరిగా జూచినచో సాక్షిని ప్రశ్నించుటకు ప్రతిపక్షపు న్యాయవాది యున్నాడు. రచయిత వ్రాయునప్పుడు వానిని ప్రశ్నించువాడు గదిలో నెవ్వడును లేడు, ఉన్నచో తానే. తనకు దోచనిదానిని దోచినట్లు వ్రాసి, అది యంతయు నావేశమున వచ్చినదని చెప్పుకొనుటకంటె సులభమైన యసత్యము మఱియొకటి లేదు.

ప్రాచీన గ్రీకుదేశమున ప్లేటో ‘అయాన్’ అను సంవాదమున నొక యుపమానము చెప్పెను. అయస్కాంతము ఇనుప యుంగరము నాకర్షించును. ఆ యుంగరము తన్నంటిన మఱియొక యుంగరమును బట్టి నిలుపును. ఇట్లు ఉంగరములు గొలుసుగా వ్రేలాడును. కావ్యదేవత యయస్కాంతము, కవి మొదటి యుంగరము, కావ్యమును గానము చేయువాడు నడిమి యుంగరము, వినువాడు కడపటిది. ఉపమానము మనోహరమే. కాని ఇనుప యుంగరమునకు తాను మోయుచున్న దానినిగూర్చి బాధ్యత లేదు. ప్లేటో వ్రాసిన మఱియొక గ్రంథమున సోక్రటీసు న్యాయాధిపతుల యెదుట నిలిచి, తాను కవులయొద్దకు బోయి వారి కావ్యముల యర్థము నడిగితిననియు, వారికంటె దగ్గఱ నున్న తక్కినవారే చక్కగా జెప్పగలిగియుండిరనియు పలికెను. కవులు జ్ఞానముచేత గాక యొక యావేశముచేత వ్రాయుదురని దీనివలన నాతడు నిశ్చయించెను. కవులు దీనిని పొగడ్తగా గ్రహించినచో పొరపడినవా రగుదురు.

మన యాలంకారికు లీ విషయమున నెక్కువ జాగరూకులై యుండిరి. దండి కావ్యమునకు సహజమైన ప్రతిభయు, విస్తారమైన శాస్త్రపరిచయమును, విడువని యభ్యాసమును కారణములని చెప్పి, అంతతో విడువక, పూర్వవాసనవలన గలుగు నద్భుతప్రతిభ లేకపోయినను చదువుచేతను యత్నముచేతను కొలిచినవానియెడల వాగ్దేవి కొంత యనుగ్రహము చూపకపోదని ధైర్యము చెప్పెను. మమ్మటుడు శక్తి, నైపుణ్యము, అభ్యాసము అను మూటిని వేర్వేఱు కారణములుగా జెప్పక, మూడును గలసియే యొక్క కారణ మనెను. అయినను మా మనస్సున కెక్కువగా నచ్చినవాడు రాజశేఖరుడు. కన్యాకుబ్జ రాజుల యాస్థానమున నుండిన యీ కవి తన కావ్యమీమాంసలో కవియొక్క దినచర్యను జాములవారిగా నిర్ణయించెను. పగటి మొదటి జామున విద్యల నభ్యసింపవలెను. రెండవ జామున కావ్యము రచింపవలెను. మధ్యాహ్న స్నానభోజనముల తరువాత గోష్ఠి జరుపవలెను. నాలుగవ జామున, ఉదయమున దాను వ్రాసినదానిని తానే పరీక్షింపవలెను. ఏలననగా రసావేశమున వ్రాయుచున్నవానికి మంచిచెడ్డలను వేఱుచేయు దృష్టి యుండదు. కావున ఎక్కువైనదానిని తీసివేయుటయు, తక్కువైనదానిని పూరించుటయు, తప్పుగా నిలిచినదానిని మార్చుటయు, మఱచినదానిని జ్ఞాపకము తెచ్చుకొనుటయు నప్పటి పనులు. చూడుడు, ఆతడు ఆవేశమును నిరాకరింపలేదు. దానికొక జాము నిచ్చెను. తీర్పు చెప్పు నధికారమును మాత్రము మఱియొక జామున కప్పగించెను. ఆస్థానకవులకుండిన తీరిక నేడు కచేరికి బోవలసిన గృహస్థునకు లేదన్నమాట నిజమే. కాని రాత్రి వ్రాసినదానిని తెల్లవాఱి చూచుకొనుటకు రాజాస్థాన మక్కఱలేదు.

ఆదికవి కథయు దీనినే చెప్పుచున్నది. క్రౌంచపక్షుల జంటలో నొకటి బోయవాని బాణమునకు గూలగా వాల్మీకి శోకము శ్లోకమాయెనని చిన్ననాటనుండి వినుచున్నాము. ఆ వెనుక జరిగినదానిని తఱచుగా మఱచెదము. శ్లోకము నోట వెడలినంతనే ఋషి యుప్పొంగిపోలేదు. నేను పలికినదేమి యని తనలో దాను చింతించెను; పాదములలో నక్షరములు సమముగా నున్నవనియు, తంత్రీలయకు దగియున్నదనియు గమనించెను; దానినే తలపోయుచు నాశ్రమమునకు బోయెను; బ్రహ్మ వచ్చి యెదుట గూర్చుండినప్పుడు సైతము ఆతని మనస్సు దానినే పట్టుకొనియుండెను. తొలి స్ఫురణమునకు తొలి పరీక్షకుడు నా కవియే. ఇంకొకటియు గమనింపదగియున్నది. ఆ మొదటి పలుకు వర్ణనము గాదు, స్తోత్రము గాదు. ఒక క్రూరకార్యమును సహింపలేక నిషేధశబ్దముతో మొదలైన పలుకది. ఈ సంగతి మనకు ముందు పనికివచ్చును.

ఇక మనలోనికి మనము చూచుకొందము. లోపలినుండి వచ్చినదెల్ల మనలో బుట్టినది కాదు. తెలుగున పద్యవిద్య నేర్చినవాని సంగతియే తీసికొనుడు. చిన్ననాటనుండి కావ్యములు చదివి, వందలకొలది పద్యములు కంఠస్థము చేసినవాడు ఉత్పలమాల నెత్తుకొన్న వెంటనే మాటలు వచ్చి వాకిట నిలుచును. రెండవ యక్షరమున ప్రాస కుదురవలెను. పదవ యక్షరమున యతి చెల్లవలెను. ప్రాసకొఱకు వెదకగా మాట యొకటి దొరకును. ఆ మాటకు దగినట్లు అర్థము వంగును. వంగిన యర్థమునకు కుదురుబాటుగా నొక విశేషణము చేరును. యతి తప్పకుండుటకై మఱియొక సమాసము చేరును. నాలుగు పాదములు నిండునప్పటికి తాను చెప్పదలచిన దేదో, ప్రాస తనచేత జెప్పించిన దేదో వానికే తెలియదు. చంద్రుడు, చకోరము, మలయానిలము, కలువపూవులు, ఇవి యెవ్వరు పిలిచినను వచ్చు బంధువులు. పెండ్లికిని వత్తురు, చావునకును వత్తురు. వ్రాసినవాడు మాత్రము ధార వచ్చినదని పొంగిపోవును. ధార వేఱు, ప్రతిభ వేఱు. పూర్వులు త్రవ్వించిన కాలువలో నీరు సుళువుగా బాఱుచున్నంతమాత్రమున ఊట మన చేనిలో నున్నదని తలంపరాదు.

వచనరచయితలు దీనిని జదివి నవ్వ నక్కఱలేదు. వచనమునకును యతిప్రాసలు గలవు. అవి కంటికి గనబడవు, అంతే భేదము. పత్రికలలో వాడివాడి యరగిపోయిన పదబంధములు, ఉపన్యాసవేదికలమీద చప్పట్లు తెచ్చిన వాక్యాంతములు, మెప్పు పొందిన నవలలలోని మరణశయ్యలు మన చేతివ్రేళ్లలో నివాసముండి, కలము పట్టుకొన్న వెంటనే తామే దిగివచ్చును. అవి వచ్చు వేగమును జూచి స్ఫురణ యని భ్రమపడుట సహజము. వేగము స్ఫురణకు గుఱుతు కానేరదు. అలవాటు దానికంటెను వేగముగా నడచును.

అవధానవిద్యలో నిషిద్ధాక్షరి యను నంశ మొకటి యున్నది. కవి యొక యక్షరము పలుకగానే, తరువాత నేయక్షరము రాగలదో పృచ్ఛకు డూహించి దానిని నిషేధించును. కవి యా త్రోవ విడిచి మఱియొక యక్షరమును బట్టుకొని, అర్థము చెడకుండ, ఛందస్సు తప్పకుండ ముందునకు నడువవలెను. నడిచినంతనే మరల నిషేధము. తిరుపతి వేంకటకవులు ఊరూర సభలు చేసిన కాలమునుండి నేటివఱకు దీనిని జూచి యాశ్చర్యపడినవారు తెలుగునాట ననేకులు. సభాచమత్కారమున కవిత్వ మెంతయున్నదను తర్కములోనికి మే మిప్పుడు పోము. అది తెగని తర్కము. కాని యీ క్రీడలో నొక సూక్ష్మము దాగియున్నది. పృచ్ఛకుడు నిషేధించున దేది? ఎవరికైనను మొదట తోచునది. అందఱును బోవు త్రోవ మూయబడినగాని కవికి వేఱుత్రోవ కనబడదు. నిజమైన రచయిత లోపల నిట్టి పృచ్ఛకు డొకడు ఎల్లప్పుడును గూర్చుండియుండును. సభలోని పృచ్ఛకుడు ఆట ముగియగానే లేచిపోవును, వీడు పోడు.

పోతనామాత్యునిగూర్చి తెలుగువారు చెప్పుకొను కథ మీ రెఱుగుదురు. గజేంద్రమోక్షణమున వైకుంఠమందున్న శ్రీహరిని వర్ణింప మొదలిడి, కొంత వ్రాసి, పైన నేమియు దోచక, ఘంటమును విడిచి లేచిపోయెననియు, ఆ నడుమ శ్రీరాముడే యాతని రూపమున వచ్చి పద్యమును పూరించెననియు చెప్పుదురు. దీనిని మేము చరిత్రముగా గ్రహింపము. జనులు తమకు ప్రియుడగు కవి మెడలో వేసిన పూలదండగా గ్రహింతుము. అయినను జనులు కట్టిన కథలలో జనుల వివేకము కొంత యుండును. ఈ కథలో మాకు ఆశ్చర్యము గలిగించునది రాముడు వచ్చుట కాదు, పోతన లేచిపోవుట. అంతటి శబ్దసంపద గలవానికి ఒక పద్యమును నింపుటకు మాటలు దొరకవా? పూర్వకావ్యములలోని స్వర్గవర్ణనములు వరుసగా చేతి కందవా? అందును. అందినవి కావని లోపల నెవ్వరో చెప్పిరి; ఆ మాటను విని యాతడు ఘంటమును క్రింద బెట్టెను. కథ గట్టినవారు ఆ ఖాళీని గౌరవించిరి గనుకనే దానిని నింపుటకు రాముని దప్ప నితరుని పిలువలేదు.

సోక్రటీసు మాట యింతకుముందు వచ్చినది. ఆయనకు బాల్యమునుండియు నొక వాణి వినబడుచుండెడిదట. దాని స్వభావము విచిత్రమైనది. అది యెన్నడును ఇది చేయుమని ప్రేరేపింపదు. చేయబోవు పనిని వలదని వారించుట మాత్రమే దాని పని. చిన్నసంగతులలో సైతము వారించెడిది. తనకు మరణదండన విధింపబడిన దినమున నది యొక్కసారియైన వారింపలేదు గనుక మరణము కీడు కాదని తలచెదనని యాయన చెప్పెను. రచయిత యంతర్వాణినిగూర్చి మా నిశ్చయము నిట్టిదే. వ్రాయుమని తొందరపెట్టు వాణికంటె, వ్రాసినదానిని జూచి "ఇది కాదు" అను వాణియే యెక్కువ నమ్మదగినది. ఏలయన, వ్రాయుమను మాటను పలుకగలవారు మన లోపల పెక్కుమంది గలరు. కీర్తికాంక్ష పలుకును, సోమరితనము పలుకును, అలవాటు పలుకును, నిన్న చదివిన గ్రంథము పలుకును. అందఱి గొంతుకయు నొక్కతీరుగనే మధురముగా నుండును. ఇది కాదను మాటవలన లాభపడువా డెవ్వడు? రాత్రి మేలుకొని వ్రాసిన నాలుగు పుటలు పోవును. ముద్రాక్షరశాలవారి కిచ్చిన గడువు దాటిపోవును. మిత్రులు చదివి మెచ్చుకొన్న వాక్యము పోవును. తన లాభమునకు విరుద్ధముగా జెప్పువాని సాక్ష్యమును ఎవరైనను ఎక్కువగా నమ్ముదురు గదా.

ఈ భేదము కాగితముమీదనే కాక జీవితమునందును పరీక్షింపబడినది. పందొమ్మిదవ శతాబ్ది నడుమ వంగదేశమున మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారు, వేదములు దోషరహితములను నమ్మకమును విడిచి, ఆత్మప్రత్యయముచేత వెలుగొందు శుద్ధహృదయమునే మతమునకు పునాదిగా గైకొనిరి. గ్రంథముకంటె హృదయమే ప్రమాణ మనుట గొప్ప విమోచనము. కాని హృదయమునకు ప్రమాణ మేది? 1878వ సంవత్సరమున నా ప్రశ్న తప్పించుకొనరానిదై యెదుట నిలిచెను. కేశవచంద్రసేనుగారు ఎంతో పాటుపడి సాధించిన 1872వ సంవత్సరపు వివాహశాసనమున బాలికలకు 14 ఏండ్లు కనిష్ఠవయస్సు. ఆ యీడు నిండని తమ కుమార్తెను కూచ్‌బిహారు రాజునకిచ్చి పెండ్లిచేయుటకు వా రంగీకరించి, ఇది తమకు గలిగిన యీశ్వరాదేశ మనిరి. వా రసత్యమాడిరని మే మనము. అంతటి భక్తుని హృదయమును దూచు త్రాసు మాయొద్ద లేదు. ఆ మే నెలలోనే వారి యనుచరులలో ననేకులు వేఱుపడి సాధారణ బ్రహ్మసమాజమును స్థాపించిరి. వీరికిని హృదయమున నొక వాణి వినబడెను, అది వలదనెను. ఒకరి వాణి రాజబంధుత్వమునకు ద్వారము దెఱచెను, ఒకరి వాణి ప్రియుడగు నాయకుని విడిచి బయటికి రమ్మనెను. ఏది యెక్కువ వెల యడిగినదో చదువరులే చూచుకొందురు గాక.

మరల కలమునొద్దకు వత్తము. అంతర్వాణి తీసికొనుటయే కాని యిచ్చుట లేదా యని యడుగవచ్చును. ఇచ్చును, కాని తఱచుగా, కాదని తీసివేసిన చోటననే యిచ్చును. రుష్యాదేశపు మహారచయిత టాల్‌స్టాయి ‘అన్నా కరెనినా’ వ్రాయుచు 1876లో స్ట్రాఖొవ్ అను మిత్రునకు బంపిన లేఖలో నొక సంగతి చెప్పెను. అన్నాయొక్క భర్తను గలిసికొనిన పిదప వ్రోన్‌స్కీ యెట్లు ప్రవర్తించెనను భాగమును చాలనాళ్ల క్రిందటనే వ్రాసియుంచెనట. దానిని దిద్దుటకు గూర్చుండగా, తా ననుకొననే లేదు, వ్రోన్‌స్కీ తుపాకితో కాల్చుకొనెను. అది యంతయు నైన తరువాత, కథకు అదియే యావశ్యకమని తెలిసినదట. ఆ స్ఫురణ మొదటి వ్రాతలో రాలేదు, దిద్దుబాటులో వచ్చినది. మొదటి వ్రాత చాలదని తోచనివానికి అది వచ్చియుండెడిది కాదు.

దీనికి మాఱుగా, ఆంగ్లకవి కోలరిడ్జి ‘కుబ్లాఖాన్’ అను కావ్యఖండమును 1816లో ప్రకటించుచు, అది తనకు నిద్రలో వచ్చినదనియు, మేలుకొని వ్రాయుచుండగా పోర్లాకునుండి పనిమీద వచ్చిన మనుష్యుడొకడు నిలిపివేయుటచే తక్కినది మఱపునకు వచ్చినదనియు పీఠికలో జెప్పెను. నాటినుండి ఆ మనుష్యుని తిట్టనివాడు లేడు. పాప మాతని పని యేమో యెవ్వరు నడుగలేదు. 1934లో ఆ కావ్యముయొక్క స్వహస్తలిఖితప్రతి యొకటి లోకమునకు దెలియవచ్చెను. అందు కొన్ని మాటలు అచ్చుప్రతికి భిన్నముగా నున్నవి. కలలో వచ్చినదానిని సైతము కవి మేలుకొని దిద్దుకొనెనన్నమాట. దిద్దిన చేతిని దాచి కలను మాత్రము చూపుట యేల? లోకమున కలకున్న గౌరవము పనికి లేకపోవుటచేత.

రవీంద్రనాథ ఠాకూరుగారికి 1882లో కలకత్తాలోని సదర్ వీథి యింట సూర్యోదయమును జూచుచుండగా కన్నులకు గప్పిన తెఱ తొలగినట్లై లోకమంతయు నానందమయముగా గనబడెననియు, ‘నిర్ఝరేర్ స్వప్నభంగ’ మను గీతము నాడే వెలువడెననియు వారు తమ జీవనస్మృతిలో వ్రాసిరి. అంతకంటె స్వచ్ఛమైన స్ఫురణను మే మెఱుగము. అయినను ఆ గీతమునే వారు తరువాతి కూర్పులలో నెంతో కుదించిరి. వయస్సు మీఱిన పిదప 1924లో ‘పూరబి’ గీతములను వ్రాయునాటికి వారి కొట్టివేతలు మఱియొక రూపము దాల్చెను. వలదని కొట్టివేసిన మాటలమీద గీతలు గీయుచు, ఆ గీతల నొకదానితో నొకటి కలుపుచు, వానిని వింతపక్షులుగను మృగములుగను జేసిరి. 1930లో పారిసు నగరమున ప్రదర్శింపబడి లోకము నాశ్చర్యపఱచిన చిత్రములకు పుట్టినిల్లు ఈ కొట్టివేతలే. త్రోసివేయబడిన మాటలు ఇంకొక కళయై తిరిగివచ్చినవి.

మన తెలుగున గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, మెప్పు పొందినది. పసిబిడ్డల నమ్ముకొను దురాచారమును నగుబాటు చేయవలెనన్న యుద్దేశము నెఱవేరినది. ఇంకొకరైనచో అంతతో దృప్తిపడి యుందురు. అప్పారావుగారు దృప్తిపడలేదు. పండ్రెండేండ్ల తరువాత, క్రొత్తగా వ్రాసిరనదగినంతగా మార్చి, పెంచి, 1909లో రెండవ కూర్పును ప్రకటించిరి. మధురవాణికి నేడు మన మెఱిగిన వ్యక్తిత్వము చాలవఱకు ఆ రెండవ కూర్పున వచ్చినది. మొదటి కూర్పు దురాచారమును జూపినది. రెండవది మనుష్యులను జూపినది. నేడు జనులు చదువునది రెండవదే. లోకము చాలునన్నప్పుడు చాలదనిన వా రెవ్వరో ఆ పండ్రెండేండ్లును అప్పారావుగారి లోపల నుండియే యుండవలెను.

స్ఫురణను రప్పించు నుపాయ మేదైన గలదా యని కొంద ఱడుగుదురు. పిలిచి రప్పించు మంత్రము లేదు. వచ్చుటకు దగిన యిల్లు సిద్ధపఱచుట గలదు. ఫ్రెంచి గణితశాస్త్రజ్ఞుడు హెన్రీ పాయింకరే 1908లో ప్రకటించిన గ్రంథమున తన యనుభవమును చెప్పెను. కొన్నాళ్లు ఒక విషయమునుగూర్చి కష్టపడి, పిమ్మట ప్రయాణములో దానిని పూర్తిగా మఱచియుండగా, కూటాన్సు అను నూర బండి మెట్టుమీద కాలు మోపిన క్షణమున దాని కీలకము తట్టెనట. అట్టి మెఱుపులు ముందు బుద్ధిపూర్వకముగా శ్రమించినవానికే వచ్చుననియు, వచ్చిన పిమ్మట మరల పరీక్షింపబడవలెననియు ఆయన స్పష్టముగా జెప్పెను. గణితమున తప్పు త్వరగా బయటపడును. కథలో నది చాలకాలము దాగియుండగలదు. అందుచేత కథకునకు భయభక్తు లింకను నెక్కువగా నుండవలెను.

అయితే "ఇది కాదు" అను వాణికిని దొంగవేషధారులు లేకపోలేదు. సగము వ్రాసి విడిచిన కాగితములు పెట్టెలలో నుంచుకొని, లోపలివాణి యొప్పుకొనలేదని చెప్పువారు మనలో నెందఱో యున్నారు. వారిని వారించినది పెక్కుమార్లు భయము. భయమును అంతర్వాణియు నొక్కమాటనే పలుకుచున్నప్పుడు వానిని గుర్తించుట యెట్లు? మాకు దోచిన గుఱుతులు కొన్ని చెప్పెదము. భయము వ్రాయకముందే మాటలాడును. అంతర్వాణి వ్రాసినదానిని జూచి మాటలాడును. భయము మొత్తమును గాదనును. అంతర్వాణి ఫలాని పంక్తిలోని ఫలాని మాటను వ్రేలుపెట్టి చూపును. నలుగు రేమందురు, పెద్దలు కోపింతురేమో, పండితులు నవ్వుదురేమో అనునది భయముయొక్క భాష. అందు వ్రాసిన విషయము ప్రసక్తి యుండదు. అంతర్వాణి చదువరి పేరెత్తదు. "అది యట్లు జరుగదు, ఆ మనుష్యుడట్లు పలుకడు" అని విషయమునుగూర్చియే చెప్పును. కాగితము చింపివేయగానే భయము శాంతించి నిద్రపోవును. అంతర్వాణి యప్పుడును నిద్రపోనీయదు, మరల వ్రాయుమనును. దిద్దుటయే వ్యసనమై యెన్నడును ముగింపనివారును గలరు గాని వారి సంఖ్య స్వల్పము. వారిగూర్చి బెంగపడ నవసరము లేదు.

ఈ పుటలను జదువువారికి మిక్కిలి సమీపమైన ప్రమాదము వేఱొకటి యున్నది. సదుద్దేశము గల రచయితకు తన యంతర్వాణిని వినుట మఱింత కష్టము. బాలవితంతువు కథను వ్రాయబూనిన సంస్కారాభిమాని నొకనిని భావింపుడు. కథానాయికకు పదునాఱేండ్లు. భర్త పోయినాడు, కర్మకాండ ముగిసినది. రచయిత ఆమెచేత రెండు పుటల విలాపము పలికించెను. ఆమె విధిని నిందించును, శాస్త్రకారులను ప్రశ్నించును, స్త్రీజాతియొక్క దౌర్భాగ్యమును వర్ణించును, కన్నీరు కాలువలుగా బాఱును. మిత్రులు విని కండ్లు తుడుచుకొనిరి. రాత్రి దీపము తగ్గించి పరుండబోవు వేళ లోపలినుండి యొక మాట వినబడెను: "ఈ పిల్ల యిట్లు మాటలాడదు." ఆతడు వెంటనే సమాధానము చెప్పుకొనెను. నా యుద్దేశము మంచిది. ఈ రెండు పుటలను జదివి యొక్క తండ్రియైన తన బిడ్డకు పునర్వివాహము చేసినచో ఈ చిన్న యసహజత వలన వచ్చిన నష్ట మేమి?

నష్ట మున్నది. మంచివారి యింట నసత్యము ప్రవేశించు ద్వారము తఱచుగా నిదియే. అట్టి విలాపములను పదింటిని జదివినవాడు విలాపించు వితంతువును జూచి కరగుట నేర్చుకొనును. తన పెరటిలో నోరెత్తక పనిచేసికొనుచున్న దానిని గుర్తింపలేకపోవును. ఈమెకు దుఃఖ మంతగా లేదు కాబోలు ననుకొనును. పుస్తకములోని దుఃఖము బిగ్గఱగా నుండుటచేత ఇంటిలోని దుఃఖము వినబడకుండ బోవును. ఎవరిని రక్షింపవలెనని కథ వ్రాయబడినదో, వారినే యది కంటికి మఱుగు చేయును.

మన రచయిత మరునాడు లేచి ఆ రెండు పుటలను కొట్టివేసెననుకొందము. కొన్నాళ్లవఱకు వాని చోటున నేమియు రాలేదు. కథ యచ్చటనే నిలిచిపోయెను. ఎన్నోనాటికో, కథనుగూర్చి తలంపక వేఱు పనిలో నుండగా, ఆమె వానికి గనబడెను. చుట్టములు వెడలిపోయిన మధ్యాహ్నమున పెరటిలోనికి వచ్చి, నూతిచేద త్రాడు తడిసి నేలమీద పడియుండుట చూచి, "ఇట్లున్న కుళ్లిపోవును" అని తనలో దాననుకొని, దానిని తీసి దండెముమీద ఎండ వేసెను. ఆతడు అంతమాత్రమే వ్రాసెను. మిత్రులకు మొదటి ప్రతియే నచ్చినది.